గైరాన్ల గడ్డి, మిరుగం వాన, చిన్నాయిన మంద

మా ఊరు దేవరకొండ దిక్కు. ఊరికి పడమర గుట్ట కింద ఒక 60 ఎకరాల గైరాన్ ఉంది. కాయితాలల్ల గైరాన్ అనే ఉంటది గాని ఊళ్ళె అందరు కంచె అంటరు, కొన్ని ఊర్లల్ల బంచరాయి అంటరు, ఏ పేరైనా గొడ్డు గోదా మేసే ఊరుమ్మడి జాగనే. మొన్న ఎండాకాలం పోయినప్పుడు ఆడ ఒకటి చూసిన. గైరాన్‌ను ఆనుకొని ఎవరో పట్నపాయన భూమి కొని కడీలు పాతి ఫెన్సింగ్ కొట్టిచ్చిండు, మూడేండ్ల సంది అందులకు మనిషి పోలే, గొర్రె పోలే. తీగలకు అవతల మోకాలెత్తు ఎండుగడ్డి గాలికి ఊగుతుంది, ఇవతల నేల గీకినట్టు బోడిగ ఉంది, ఆడొకటి ఈడొకటి తంగేడు, వెంపలి, ఇంత వయ్యారిభామ. మట్టి రెండు పక్కల ఎర్ర చల్కనే, పడే వాన ఒకటే, నడుమ నాలుగు వరసల తీగ.

"చూసినవా చిన్నాయినా, గొర్లు ఎక్కువైనయి, గడ్డి పోయింది" అన్న. ఆయనకు 120 గొర్లున్నయి, నా మాటకు మస్తు కోపమొచ్చింది. "మా తాత నాడు గొర్లు లేవారా? ఆవులు, ఎడ్లు, బర్లు అన్నీ ఈడనే మేసె. అప్పుడు పోని గడ్డి ఇప్పుడెందుకు పోయె?" అన్నడు. నాకు జవాబు దొర్కలే. తర్వాత కొన్నాళ్ళు చదివి, పశువుల డాక్టర్లను అడిగి, మల్ల చిన్నాయినతోనే కొట్లాడి నాకు సమజైంది రాస్తున్న. చెప్పాలంటే ఇద్దరం సగం సగం కరెక్టే, కాకపోతే ఇద్దరం ఒక ముఖ్యమైన సంగతి ఒదిలిపెట్టినం, అది మిరుగం (జూన్ల వచ్చే మృగశిర కార్తె) తర్వాతి నలభై, యాభై రోజుల సంగతి.

ముందు గడ్డి ఎట్ల పెరుగుతదో చూద్దాం. కంది మొక్కను మేక వచ్చి కొస కొరికితే ఆ కొమ్మ అక్కడికి ఆగిపోతది, ఎందుకంటే దాని పెరిగే మొగ్గ కొసకు ఉంటది. గడ్డికి అట్ల కాదు, దాని మొగ్గ నేలకు ఆనుకొని కింద మొదట్లనే ఉంటది, పైన ఆకు ఎంత కొరికినా కిందికెళ్ళి మల్ల తోసుకొని వస్తది. అందుకే గడ్డి మేతకు తట్టుకుంటది, లేకపోతే ఇన్ని వేల ఏండ్ల సంది ఆవులు గొర్లు ఉండంగ గడ్డి అనేదే మిగలకపోవు. అయితే ఆ కొత్త ఆకు రావడానికి బలం కావాలె కదా, ఆ బలం వేర్లల్ల, కాడ మొదట్ల దాచిపెట్టుకున్న సరుకు నుంచి వస్తది. ఎండాకాలమంతా గడ్డి ఎండిపోయి సచ్చినట్టే కనిపిస్తది, నిజానికి కింద దుంప బతికే ఉంటది. మొదటి వాన పడంగనే ఆ దాచిన సరుకు ఖర్చు పెట్టి నాలుగు ఆకులు తీస్తది. ఆ ఆకులు ఎండ తాగి అన్నం వండుకొని, వాడుకోంగ మిగిలింది మల్ల వేర్లకు పంపియ్యడానికి కొన్ని వారాలు పడ్తది. అప్పటిదాక గడ్డి అప్పుల మీద నడిచే సంసారమే. ఆ టైంల ఒకసారి కొరికితే ఇంకోసారి అప్పు చేసి ఆకు తీస్తది, మల్ల కొరికితే మల్ల తీస్తది, మూడోసారో నాలుగోసారో చేతులెత్తేస్తది.

అది నేను కళ్ళార చూసిన. చిన్నాయిన గడ్డపార తెచ్చి ఫెన్సింగ్ అవతలి నుంచి ఒక దుబ్బు, ఇవతలి నుంచి ఒక దుబ్బు మట్టితో సహా పెకిలించిండు, బకెట్ల ముంచి కడిగినం. రెండూ ఒకటే జాతి, అదే పండినంక మన ప్యాంట్లకు, గొర్ల బొచ్చుకు సూదుల లెక్క గుచ్చుకునే గడ్డి. అవతలి దుబ్బు వేర్లు జానెడు దాటి ఇంకా కిందికి పోయినయి, కొసలు మట్టిల తెగిపోయినయి కూడా. ఇవతలి దానివి నాలుగు వేళ్ళ మందం లేవు, అవి కూడా సగం నల్లగై చేత్తో పట్టుకుంటే ఊడివస్తున్నయి. చిన్నాయిన రెండిటిని పక్కపక్కన పెట్టి చానసేపు మాట్లాడలే.

దీని మీద పాత ప్రయోగం ఒకటుంది. 1955ల అమెరికాల ఫ్రాంక్లిన్ క్రైడర్ అనే సైంటిస్టు గడ్డి దుబ్బులను ఒక్కోదాన్ని ఒక్కో మోతాదుల కోసి వేర్లను గమనించిండు. సగం దాక కోస్తే వేర్ల పెరుగుదలకు పెద్దగా దెబ్బ తగల్లే. అదే 80 శాతం కోస్తే వేర్లు 12 రోజులు మొత్తానికే పెరగడం ఆపినయి. సగం తినిపించు, సగం ఒదిలిపెట్టు అని మేత భూముల సైంటిస్టులు అనే మాట ఇట్లాంటి లెక్కల మీద నిలబడ్డదే. ఇప్పుడు మన దగ్గర ఆలోచించండి, ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన, అది కూడా చానమట్టుకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపల్నే. వేర్లు పెరిగేదే ఆ నాలుగు నెలలు. అందుల పన్నెండు రోజులు ఒకసారి, పన్నెండు రోజులు ఇంకోసారి ఆగిపోతే ఇగ మిగిలేది ఏంది? ఆగస్టుల వాన ఇరవై రోజులు మొహం చాటేసినప్పుడు జానెడు వేరున్నది కింది తడి అందుకొని బతుకుతది, నాలుగు వేళ్ళ వేరున్నది ఎండి సస్తది.

అంటే గొర్లు ఎన్ని అనేదాని కంటె ముందు, ఒక్క దుబ్బు దగ్గరికి గొర్రె మల్ల ఎన్ని రోజులకు వస్తుంది అనేది చూడాలె. వెయ్యి గొర్లు ఒక్కరోజు మేసి నెలన్నర దాక మల్ల రాకపోతే గడ్డి కోలుకుంటది. వంద గొర్లు రోజూ పొద్దుగాల అదే జాగకు వస్తే ఏదీ మిగలది, ఎందుకంటే గొర్రెకు పాత ముదురు ఆకు వద్దు, నిన్న కొరికిన కాడ ఇయ్యాల వచ్చిన లేత చిగురే కావాలె. ముదురుది పక్కనే ఉన్నా పోయి పోయి దాన్నే కొరుకుతది. ఆవు నాలుకతోని చుట్టి లాగుతది కాబట్టి మరీ నేలకు ఆనిన గడ్డి దానికి దొర్కది. గొర్రె పెదవులతోని పట్టి నేలదాక గీకుతది. మేక తల పైకెత్తి చెట్టు వెతుకుతది, ఊళ్ళె తిట్లన్నీ దానికే గాని గైరాన్ల గడ్డి దుబ్బుకు మేక చేసే నష్టం గొర్రె కంటె తక్కువే.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తున్న. మా దిక్కు గొర్ల ఏడాది ఎట్ల నడుస్తదంటే, దీపావళి దాటినంక పంటలు కోసుడు మొదలైతది, కోసిన చేన్లల్ల మేస్తయి, రైతులు పిలిచి మంద పెట్టిచ్చుకుంటరు, ఎరువుకు ఎరువు, గొర్లకాపరికి ఇన్ని పైసలో గింజలో. సంక్రాంతి తర్వాత మేత తక్కువైతే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ దిక్కు మందలు కృష్ణ ఒడ్డుకు, నల్లమలకు, నీళ్ళ కాలువల కింది ఊర్లకు పోతయి, అంటే ఎండాకాలం గైరాన్‌కు ఎట్లనో అట్ల ఇంత విడుపు దొరుకుతది. కాని ఎండాకాలం గడ్డికి విడుపు ఇచ్చినా ఒకటే ఇయ్యకున్నా ఒకటే, అది నిద్రపోతుంటది. మిరుగం రాంగనే మందలన్నీ ఇంటికి మళ్ళుతయి. సరిగ్గా అప్పుడే చేన్లన్నీ దున్ని పత్తి, కంది, జొన్న ఏసేస్తరు, ఏ చేన్లకు గొర్రెను తోలినా పంచాయితే. ఇగ మిగిలేది చేన్ల గట్లు, రోడ్ల పక్కలు, గైరాన్. ఊరి గొర్లన్నీ ఒక్కసారి ఆ 60 ఎకరాల మీద పడేది ఎప్పుడంటే గడ్డి అప్పుల మీద బతుకుతున్న ఆ నలభై, యాభై రోజులల్లనే. ఎవరూ కావాలని చేస్తలేరు, క్యాలెండరే అట్ల కుదిరింది.

లెక్క కూడా ఒకసారి వేద్దాం, కాయితం మీద వేసినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలే. 30 కిలోల గొర్రె రోజుకు దగ్గరదగ్గర కిలో ఎండుగడ్డి తింటది, పచ్చిదైతే నాలుగైదు కిలోలు, మిగతాదంతా నీళ్ళే. పాడైపోయిన చల్క నేలల ఎకరానికి ఏడాదికి 400 కిలోల ఎండుగడ్డి వస్తదనుకుందాం, అందుల సగం ఒదిలిపెడితే 200 కిలోలు మేతకు. 60 ఎకరాలకు 12,000 కిలోలు. మా చిన్నాయిన 120 గొర్లకే అయితే 100 రోజులు. ఊరి మొత్తం గొర్లు 1,500 అనుకుంటే ఎనిమిది రోజులు! ఎనిమిది రోజుల మేత ఉన్న జాగల రెండు నెలలు మేపుతున్నరు, ఆ మిగిలిన సగం ఎవరు ఒదిలిపెడ్తరు. గొర్ల సంఖ్యది కూడా తప్పు లేదని నేను అన్లేను. తెలంగాణల 2012 పశుగణనల 1.28 కోట్ల గొర్లుండె, 2019కి 1.90 కోట్లు దాటి దేశంలనే మొదటి జాగకు వచ్చినం, నడుమ 2017ల సర్కారు 75 శాతం సబ్సిడీతోని ఇంటికి 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చుడు మొదలుపెట్టింది. గొర్లు పెరిగినయి, గైరాన్ మాత్రం ఒక గుంట కూడా పెరగలే.

పెరగకపోగా తగ్గింది. చిన్నాయిన తాత నాడు జొన్న, సజ్జ, ఆముదం ఏసేది, కొంత భూమి ఏడాదికోసారి బీడు పెట్టేది, ఆ బీళ్ళన్నీ వానకాలం గొర్లకే. ఇప్పుడు బీడు అనే మాట వినపడ్తలేదు, నీళ్ళుంటే రెండు కార్ల వరి, లేకుంటే పత్తి. పత్తి జనవరి, ఫిబ్రవరి దాక చేన్లనే నిలబడ్తది, దీపావళికి దొరికే మేత సంక్రాంతి దాటినంక గాని దొర్కదు. వెంచర్లోళ్ళ కడీలు ఒక దిక్కు, ఊరుమ్మడి జాగల మొక్కలు పెట్టి గొర్లు రావొద్దని కట్టడి ఒక దిక్కు. అమ్రాబాద్ దిక్కు లంబాడోళ్ళ పొడ తూర్పు జాతి ఆవులకైతే అడివే గైరాన్, టైగర్ రిజర్వ్ రూల్స్ వచ్చినంక వాళ్ళ బాధ వేరే కథ. ఊరుమ్మడి భూములను కబ్జాల నుంచి విడిపించమని సుప్రీంకోర్టు 2011 జనవరిల జగ్‌పాల్ సింగ్ కేసుల అన్ని రాష్ట్రాలకు చెప్పింది, ఆ తీర్పు పట్టుకొని తిరిగేటోడు ఊర్లె ఒకడన్న ఉండాలె కదా. మా ఊర్లె హద్దులు చూపియ్యమని ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగినం, సర్వేయర్ వస్తడు అన్నరు, ఇంకా వస్తనే ఉన్నడు.

సరే, మల్ల గడ్డికి వద్దాం. గైరాన్ ఎంత పాడైందో తెలుసుకోవడానికి ల్యాబ్ అవసరం లేదు, ఏ మొక్క ఉందో చూస్తే చాలు. మన దేశంల గడ్డి నేలలను సైంటిస్టులు ఐదు రకాలు చేసిండ్రు, మన దక్కన్ అంతా సెహిమా, డైకాంథియం అనే గడ్ల రకంల వస్తది. పేర్లు నోరు తిరగవు గాని ఇవి ఏండ్లకేండ్లు బతికే దుబ్బు గడ్లు, పశువులకు మస్తు ఇష్టం, ఇష్టం కాబట్టే మొదట పోయేది ఇవే. అవి పోయినంక సూదుల గడ్డి పైకొస్తది. లేతగున్నప్పుడు అది కూడా మంచి మేతనే, కంకి తీసి ముల్లు ముదిరినంకనే తంటా, గొర్రె చర్మంలకు దిగి పుండ్లు చేస్తది, అందుకే కంకి రాకముందే దాన్ని మేపాలె. అది కూడా పోతే చీపుర్లు కట్టే గడ్డి, ఒక్క వానకు మొలిచి కంకి తీసి సచ్చే పొట్టి గడ్లు మిగుల్తయి. ఆఖరుకు గడ్డే ఉండది, పశువు నోరు పెట్టనివి ఉంటయి, వెంపలి, వయ్యారిభామ, జిల్లేడు, తంగేడు. బతుకమ్మకు తంగేడు పువ్వు తెస్తం, అది మన రాష్ట్ర పువ్వు, దాని మీద నాకు కోపం లేదు. కాని గైరాన్ నిండ తంగేడే ఉందంటే ఆడ ముప్పై నలభై ఏండ్ల మేత లెక్క రాసిపెట్టి ఉన్నట్టు.

సర్కారు తుమ్మది ఇంకో తీరు. ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండాలది, 1877ల కడప దిక్కు తెచ్చి పెట్టిండ్రు. కాయ తియ్యగుంటది, గొర్లు మేకలు ఇష్టంగ తింటయి, గింజ అరగక పెంటికల్ల పడి ఆడనే మొలుస్తది, అంటే దాని విత్తనాలను మనమే ఎరువుతో సహా నాటుతున్నం. కాయలు ఏరి పిండి పట్టి దాణాల కలిపితే గింజ నలిగిపోతది, ఆ బాధ ఉండది. నాటు తుమ్మకాయ వేరు, ఎండాకాలం రాలేది, అది గొర్లకు బలం, మా అవ్వ గంపలు గంపలు ఏరి అటక మీద పెట్టేది. అప్పుడు చాదస్తం అనుకున్న. ఆమె సరిగ్గా మిరుగం తర్వాతి రోజుల కోసం దాచేదని ఇప్పుడు తెలుస్తుంది.

బోడి చల్క ఇంకో రకంగ కూడా మోసం చేస్తది. గడ్డి కప్పు లేని ఎర్రమట్టి మీద పెద్ద చినుకు పడితే పైపొర మెత్తబడి, ఎండంగనే చెక్కు కడ్తది, దాని మీద గొర్ల డెక్కలు. ఇగ వచ్చే వాన లోపలికి ఇంకది, జారి వాగుల పడ్తది. విత్తనం చల్లినా ఆ చెక్కును చీల్చుకొని మొలక రాదు. అందుకే ఉత్తగ విత్తనాలు చల్లి గడ్డి రాలే అంటే రాదు. ముందు నీళ్ళు ఆగాలె, వాలుకు అడ్డంగ కందకాలు తీస్తే ఆ కట్టల మీద, కందకం అంచున మొలక నిలబడ్తది, ఉపాధి హామీల ఈ పని చేసుకోవచ్చు. అట్ల తీసిన జాగల స్టైలో ఏస్తే మంచిగొస్తది. ఇది గడ్డి కాదు, పప్పుజాతి మొక్క, గాలిల నత్రజనిని వేర్లల్ల పట్టి నేలకు ఇస్తది, ఎండినంక కూడా గడ్డి కంటె మాంసకృత్తులు ఎక్కువ. గింజ తోలు మందం, అట్లనే చల్లితే చాన గింజలు మొలవయి, 80 డిగ్రీల వేడినీళ్ళల్ల ఐదు నిమిషాలు ఉంచి, తర్వాత రాత్రంత చల్లనీళ్ళల్ల నానబెట్టి, ఇసుకల కలిపి మొదటి మంచి వానకు చల్లాలె, ఎకరానికి నాలుగు కిలోల దాక పడ్తది. మొదటి ఏడు గింజ రాలేదాక మేపొద్దు. ఇంకో సుఖం ఏందంటే వానకాలం పశువులు ముందు గడ్డినే తింటయి, గడ్డి ఎండినంక స్టైలో దిక్కు తిరుగుతయి.

ఇగ సూపర్ నేపియర్ గడ్డి గురించి అందరు అడుగుతరు. అది బోరు కింద పండే పంట, బర్లకు బాగుంటది, గైరాన్‌కు దానికి సంబంధం లేదు.

మరి ఆ నలభై, యాభై రోజులు గొర్లను ఏం చేస్తం? మొత్తం గైరాన్ మూసేస్తే చిన్నాయిన తిడ్తడు, న్యాయమే. మొత్తం మూయాల్సిన పని లేదు. నాలుగు ముక్కలు చేసి ఒక్క ముక్కను ఆ ఏడు మిరుగం నుంచి కంకి రాలేదాక ఒదిలిపెట్టి, వచ్చే ఏడు ఇంకో ముక్కను ఒదిలితే నాలుగేండ్లకు ప్రతి దుబ్బుకు ఒకసారి విడుపు, ఒకసారి గింజ రాల్చుకునే వీలు దొరుకుతది. మిగిలిన మూడు ముక్కల మీద భారం పెరుగుతది కదా అంటే పెరుగుతది, అందుకే చేతిమేత కావాలె. పల్లి కట్టె, కంది పొట్టు మార్చిల తగలబెట్టకుండ దాచుడు, తుమ్మకాయ, గట్ల మీద అవిస, సుబాబుల్ కొమ్మలు. సుబాబుల్ ఒక్కటే పెట్టొద్దు, అందుల మిమోసిన్ అనే విషం ఇంత ఉంటది, మొత్తం మేతల మూడోవంతు దాటితే బొచ్చు రాల్తది. చేతిమేతకు ఇంకో లాభం ఉంది. మొదటి వానలకు వచ్చే లేతగడ్డిని ఆకలి మీదున్న గొర్రె ఒక్కసారి కడుపునిండ మేస్తే పారుకుంటది, చిటుకు రోగం వచ్చి రాత్రికి మంచిగున్నది పొద్దుగాల సచ్చి పడి ఉంటది. పొద్దున ఇంత ఎండుమేత తిన్నంక తోలితే అంత ఆత్రం ఉండది. టీకా మే నెలలనే ఏపియ్యాలె, అది వేరే. ఆగస్టుల వానలు ఆగి వాడిపోయిన లేత జొన్నల మంద పడితే మాత్రం ఏ ఎండుమేతా కాపాడది, నాము (వాడిన లేత జొన్నల ఉండే విషం) తగిలి నిమిషాలల్ల పడిపోతయి, డాక్టర్ సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్‌తోని టైంకు వస్తేనే దక్కుతయి.

చెప్పుడు సులువు, ఊర్లె ఒప్పిచ్చుడు కష్టం. ఊర్లె గొర్లోళ్ళు పదకొండు మంది, పది మంది ఆగి ఒక్కడు మేపుకుంటే ఆగిన పది మంది పిచ్చోళ్ళు. చిన్నాయిన మొదట ఒప్పుకోలే, ఆ రెండు దుబ్బులు కడిగిన రోజు తర్వాత సంఘం మీటింగ్‌ల ఆయనే లేచిండు. బకెట్‌ల నుంచి తీసి ఎండబెట్టిన రెండు దుబ్బులు సంచిల తెచ్చి నడుమ పెట్టిండట, ఎక్కువ మాట్లాడలేదట. గుట్ట కింద 12 ఎకరాల ముక్క, నీళ్ళకుంటకు దూరం, రాళ్ళెక్కువ, ఎవరికీ పెద్దగా ప్రేమ లేనిది, దాన్ని ఈ ఏడు మూద్దాం అన్నరు. తప్పు చేసినోడు సంఘానికి ఒక పొట్టేలు.

మఖ కార్తెల నేను పోయి చూసిన. గడ్డి నేను అనుకున్నంత లేదు, చెప్పొద్దు, సగం జాగ ఇంకా చెక్కు కట్టిన మట్టే. కాని రాళ్ళ సందులల్ల, గొర్రె మూతి అందని జాగలల్ల బతికిన పాత దుబ్బులు మోచేతి దాక పెరిగి కంకులు తీసినయి. చిన్నాయిన ఒంగి ఒక కంకి తెంపి చేతిల నలిపి ఊది చూసి "గింజ పట్టిందిరా" అన్నడు, దాన్ని అట్లనే పక్కన బోడి మట్టిల చల్లిండు. పొట్టేలు జుర్మానా ఇప్పటికి ఒక్కటే పడ్డది, అది కూడా చిన్నాయిన అల్లునికే.